సూది ఎడమకెందుకు వెళ్లింది?

"సార్, సూది ఎటు వెళ్తుందో ముందే చెప్పి, అప్పుడు చూపించండి."

పదో తరగతి, విద్యుదయస్కాంతత్వం పాఠం. రెండో బెంచీ అమ్మాయి అన్న ఈ ఒక్క మాటకు జవాబు చెప్పడానికి నాకు రెండు వారాల సాయంత్రాలు పట్టింది.

పద్నాలుగేళ్లుగా చెబుతున్న పాఠమే. దండాయస్కాంతాన్ని తీగచుట్టలోకి తోస్తే, కరెంటు ఎటు పారుతోందో చూపే గాల్వనామీటరు సూది ఒక వైపు ఊగుతుంది, బయటికి లాగితే రెండో వైపు, కదపకుండా పట్టుకుంటే సున్నా మీదే నిలబడుతుంది. పిల్లలు "ఓ" అంటారు. చుట్టలో పుట్టే కరెంటు తనను పుట్టించిన మార్పునే ఎదిరిస్తుందనే లెంజ్ నియమం నేను బోర్డు మీద రాస్తాను, వాళ్లు నోట్సులోకి ఎక్కించుకుంటారు. ఆ "ఒక వైపు" ఏ వైపో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ధైర్యంగా "కుడికి" అన్నాను. ఎడమకు వెళ్లింది. వెనక బెంచీల్లో నవ్వులు. "సార్, మీ కుడా, మా కుడా?" అన్నాడొకడు. ఇప్పుడు ఆలోచిస్తే అది అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

సాయంత్రం ల్యాబులో ఆ తీగచుట్టను తిప్పి తిప్పి చూశాను. పైన నల్ల టేపు. లోపల తీగ ఎటు తిరిగిందో కనపడదు. లెంజ్ నియమం చెప్పేది ప్రవాహం చుట్టలో సవ్య దిశలో తిరుగుతుందా, అపసవ్య దిశలోనా అన్నంతవరకే. అది ఏ కొసలోంచి బయటికొస్తుందో తెలియాలంటే చుట్టిన తీరు తెలియాలి. అంటే నేనే చుట్టుకోవాలి.

మా సెంటర్లో మోటార్లు రీవైండింగు చేసే బాబాయ్ దగ్గర 36 గేజీ వైరు తూకానికి తీసుకున్నాను. అంగుళం పీవీసీ పైపు ముక్క మీద, పై నుంచి చూస్తే అపసవ్య దిశలో, 500 చుట్లు చుట్టాను. పొర మీద పొర పడినా తిప్పే దిక్కు మాత్రం మార్చలేదు. మొదలుకు ఎర్ర స్లీవు, చివరకు నల్ల స్లీవు. "మొదలూ చివరా గుర్తు పెట్టుకోకుండా కలిపేస్తే త్రీఫేజు మోటారు తిరగదు మాస్టారూ, మూలుగుతుంది" అంటూ ఆ స్లీవులు ఆయనే ఇచ్చాడు.

ఇంటికొచ్చి కలిపితే సూది కదలనే లేదు. అరగంట కుస్తీ పట్టాక వెలిగింది, ఈ తీగ మీద కరెంటును పోనివ్వని ఎనామిల్ పూత ఉంటుందని. రాగిలాగే మెరుస్తుంది కాబట్టి ఒట్టి రాగే అనుకున్నాను. భౌతికశాస్త్రం మాస్టారిని! కొసలు గరుకు కాగితంతో గీకాక సూది ఊగింది.

తర్వాత మీటరు సంగతి. ప్లస్ టెర్మినల్లోకి కరెంటు వెళ్తే సూది ఎటు తిరుగుతుంది? ఒకటిన్నర వోల్టుల సెల్లు నేరుగా తగిలించాను, సూది ఠక్కున పోయి అంచుకు కొట్టుకుంది. ఆ తప్పు మీరు చేయకండి, గాల్వనామీటరు పాడవుతుంది. 10 కిలో ఓమ్‌ల నిరోధం మధ్యలో పెడితే సూది మర్యాదగా నాలుగైదు గీతలు కుడికి జరిగింది. సరే, ప్లస్‌లోకి వెళ్తే కుడికి.

ఇక అసలు లెక్క. ఉత్తర ధ్రువాన్ని పై నుంచి దించుతున్నాను. దాని రాకను ఎదిరించాలి కాబట్టి చుట్ట పై ముఖం కూడా ఉత్తర ధ్రువం కావాలి. కుడిచేతి బొటనవేలు పైకి పెడితే వేళ్లు ముడుచుకునే దిక్కు, పై నుంచి చూస్తే, అపసవ్యం. నేను చుట్టిందీ అపసవ్యమే కాబట్టి ప్రవాహం ఎర్ర కొస నుంచి నల్ల కొసకు. ఎర్ర కొస మొదలు కదా అని దాన్ని ప్లస్‌కు కలిపాను. సూది కుడికి వెళ్లాలి. వెళ్లింది! మా ఆవిడను పిలిచి మరీ చూపించాను.

మర్నాడు ల్యాబులో అదే పెట్టెలోని రెండో అయస్కాంతంతో చేశాను. ఎడమకు వెళ్లింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తే కానీ అన్నం సరిగా తినలేదు. చివరికి రెండు అయస్కాంతాలనూ వేరువేరుగా, ఇనుప బీరువాలకు దూరంగా, వరండాలో దారం కట్టి వేలాడదీశాను. మా బడి వరండా తూర్పు ముఖం, కాబట్టి ఉత్తరం ఎటో దిక్సూచి లేకుండానే తెలుసు. రెండోది బుద్ధిగా 'ఎన్' అక్షరమున్న కొసను ఉత్తరానికి పెట్టి ఆగింది. మొదటిది దక్షిణానికి పెట్టింది! ఏళ్ల తరబడి పెట్టెలో ఎలా పడితే అలా పడి ఉండి ధ్రువాలు తారుమారయ్యాయో, ఎవరైనా రంగు తప్పుగా వేశారో.

మంచి అయస్కాంతం ఎడమ చూపిస్తోందంటే, తారుమారైన అయస్కాంతంతో "సరైన" జవాబు వచ్చిందంటే, నా లెక్కలో ఇంకో తప్పు ఉండాలి. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నన్ను ఒక పూట సంతోషపెట్టాయి. దిక్కుల లెక్కతో వచ్చిన చిక్కే ఇది. తప్పులు బేసి సంఖ్యలో ఉంటే దొరికిపోతాం, సరి సంఖ్యలో ఉంటే బయటపడదు.

రెండో తప్పు పట్టింది బాబాయే. బొమ్మ గీసి చూపిస్తే కాసేపు చూసి, "మాస్టారూ, ఇక్కడ బ్యాటరీ ఎవరు? మీటరా, చుట్టా?" అన్నాడు.

చుట్టే! దాని లోపల ప్రవాహం ఎర్ర నుంచి నల్లకు పోతోందంటే, నల్ల కొసలోంచి బయటికొచ్చి, మీటరు గుండా వెళ్లి, ఎర్ర కొసలోకి తిరిగి రావాలి. ప్లస్‌కు కలపాల్సింది నల్లది. అలా కలిపి మంచి అయస్కాంతాన్ని దించితే సూది కుడికి వెళ్లింది. ధ్రువం మార్చి, చుట్టను తలకిందులు చేసి, పైకి లాగి, ఇలా ప్రతిసారీ ముందు కాగితం మీద రాసుకుని తర్వాత చూశాను. ఒక్కటీ తప్పలేదు.

ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫారడే లండన్‌లో 1831 అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసి సూది కదలడం చూశాడు. దిక్కు గురించి అన్ని సందర్భాలకూ సరిపోయే ఒకే మాట 1833లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లెంజ్ చెప్పాడు. రెండు వారాల తర్వాత ఆ ఒక్క మాట విలువ నాకు బాగా తెలిసొచ్చింది.

మళ్లీ క్లాసులో చేసినప్పుడు నేను నోరు విప్పలేదు, పిల్లలచేతే చెప్పించాను. చాలామంది తడబడింది ఒక్క చోటే. "సార్, బయటికి లాగేటప్పుడు కూడా ఎదిరించాలి కదా, మరి పై ముఖం దక్షిణ ధ్రువం ఎలా అవుతుంది? దగ్గరకు లాక్కుంటుంది కదా?" లాక్కోవడమే ఎదిరింపు. అది ఎదిరించేది అయస్కాంతాన్ని కాదు, మార్పును. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లుంటారు, వస్తానంటే ఇప్పుడెందుకంటారు, వెళ్తానంటే అప్పుడేనా అంటారు.

ఎదిరించకుండా సాయం చేస్తే? ఒకసారి కొంచెం తోస్తే చాలు, చుట్ట అయస్కాంతాన్ని తనే లోపలికి లాక్కుంటుంది, వేగం పెరుగుతుంది, దాంతో కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే ఇంకా గట్టిగా లాగుతుంది. "ఇక కరెంటు బిల్లే ఉండదు సార్" అన్నాడు కుడి-ఎడమల కుర్రాడు. అందుకే అలా జరగదు. మనం తోసే శ్రమే అక్కడ విద్యుత్తు అవుతోంది. చేతికి ఆ ఎదిరింపు తెలియదు కాబట్టి, ఏసీ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన రాగి గొట్టంలో చిన్న నియోడైమియం అయస్కాంతాన్ని వదిలాను. రాగికి అంటుకోదు, అయినా గొట్టం గోడలోనే కరెంటు పుట్టి ఎదిరించడంతో తాపీగా దిగింది. ఆ పీరియడులో ఇంకేమీ చెప్పనివ్వలేదు, అందరికీ ఒకసారి వదలాలట.

గొడవ మొదలుపెట్టిన అమ్మాయి చివర్లో లేచి, "తీగ తెగి ఉంటే కూడా ఆపుతుందా సార్?" అని అడిగింది. నన్ను చెప్పనివ్వకుండా తనే, "కరెంటు పారదు కదా, ఆపదు" అని కూర్చుంది.

తారుమారైన అయస్కాంతాన్ని పారేయలేదు. అక్షరాలు దిద్దలేదు కూడా. ప్రయోగం రోజు ఏదో ఒక గుంపు చేతికి అది వెళ్లేలా చూసుకుంటాను. బల్ల చివర దారపు ఉండ కూడా ఉంటుంది, అడిగితే ఇస్తాను.