మత్తు దిగేలోపు ఇల్లు చేరాలి

మాది ఒడిశాలోని రాయగడ. రెండేళ్ళ కిందట కింది దవడలో ఎడమవైపు అడ్డంగా పడుకున్న జ్ఞానదంతాన్ని విజయనగరం వెళ్ళి తీయించుకున్నాను. తీసేటప్పుడు ఏమీ తెలియలేదు. తిరుగు రైల్లో బొబ్బిలి దాటాక మత్తు దిగింది. పార్వతీపురం వచ్చేసరికి కిటికీ ఊచకు నుదురు ఆనించి, పక్కవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

అందుకే కుడివైపుది పోటు మొదలెట్టినా ఎనిమిది నెలలు లవంగం నూనెతో నెట్టుకొచ్చాను. చివరికి మా అప్ప తిట్టి బయల్దేరదీసింది.

ఈసారి వేరే డాక్టరమ్మ. "మేడమ్, పన్ను సంగతి మీరు చూసుకోండి, నన్ను ఇంటిదాకా చేర్చే మందేదైనా ఉంటే ఇవ్వండి" అన్నాను. ఆవిడ నవ్వి రైలెన్ని గంటలకో అడిగింది. ఆ తర్వాత బరువు, బీపీ, అలర్జీలు. గుండె సంగతి మాత్రం రెండుసార్లు అడిగింది. ఎక్కువసేపు పనిచేసే బుపివకెయిన్ అనే మత్తుమందు మోతాదు మించినా, పొరపాటున రక్తనాళంలోకి పోయినా గుండెకు ప్రమాదమట. సూది గుచ్చాక సిరంజి పిడిని కాస్త వెనక్కి లాగి, రక్తం రావడం లేదని చూసుకున్నాకే మందు ఎక్కించింది.

పన్ను తీయడానికి మామూలు మత్తుమందు లిగ్నోకెయినే ఇచ్చింది. అందులో అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది రక్తనాళాలను బిగించి మందును త్వరగా కొట్టుకుపోనివ్వదు. నాలుగైదు నిమిషాల్లో సగం పెదవి నాది కాకుండా పోయింది. చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీసి, మూడు కుట్లు వేసేసరికి నలభై నిమిషాలు. లేవబోతుంటే "ఆగండి, మీ రైలు టికెట్ ఇంకా ఇవ్వలేదు" అని, మొద్దుబారిన చోటే 0.5 శాతం బుపివకెయిన్ ఇచ్చింది. ఇది అందుకోవడానికి లిగ్నోకెయిన్ కన్నా ఎక్కువ టైం తీసుకుంటుంది, కానీ నరాన్ని పట్టుకుంటే తొందరగా వదలదు. పెదవి, గడ్డం ఐదు నుంచి తొమ్మిది గంటల దాకా మొద్దుగా ఉండొచ్చని చెప్పింది. పన్ను తీశాక నొప్పి గట్టిగా ఉండేది మొదటి రోజు సాయంత్రం, రాత్రే కాబట్టి ఆ గండం చాలావరకు మత్తులోనే గడిచిపోతుందట.

ఇంకో మాట మాత్రం వేలు చూపించి మరీ చెప్పింది: నొప్పి వచ్చాక మాత్ర వేసుకుందాంలే అనుకోవద్దు, మత్తు ఉండగానే వేసుకోవాలి. నాకు కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లేవని అడిగి తెలుసుకుని ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రాసింది. క్రితంసారి నాకు ఎవరూ చెప్పని ముక్క ఇదే.

రైల్లో పెదవి ఉబ్బిన గారెలా అనిపించేది. ఫోన్‌లో చూసుకుంటే మామూలుగానే ఉంది. ఎదురు సీటు ఆవిడ ఒడియాలో ఏదో అడిగింది. నా ఒడియా ఎప్పుడూ అంతంతమాత్రమే, ఆ రోజు తెలుగు కూడా రాలేదు. బొబ్బిలిలో టీ వాసనకు ప్రాణం లాగింది గానీ, కాలినా తెలియదు, పెదవి కొరుక్కున్నా తెలియదు అన్న మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇంటికొచ్చి చల్లారిన చోడి అంబలి తాగి మాత్రలు వేసుకున్నాను. రాత్రి ఎనిమిదైనా గడ్డం మొద్దుగానే ఉండేసరికి మా ఆవిడకు టెన్షన్ మొదలైంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, తెల్లారేదాకా అలాగే ఉంటేనే చెప్పండి అంది. తొమ్మిదిన్నరకు గడ్డం దగ్గర చీమలు పాకినట్టయింది. తర్వాత నొప్పి వచ్చింది, కానీ పోటు కాదు, నలత లాంటిది. నిద్ర పట్టింది. వాపు మాత్రం తప్పలేదు. మూడోరోజుకు బుగ్గలో లడ్డూ పెట్టుకున్నట్టున్నాను. ఆ ఇంజెక్షన్ వాపు తగ్గించేది కాదు మరి.

ఇదంతా విని మా బావ తన పన్ను ఫిల్లింగ్‌కూ, ఎనిమిదేళ్ళ కొడుకు పాలపన్నుకూ ఆ ఇంజెక్షనే అడుగుతానన్నాడు. అరగంట పనికి పూటంతా మొద్దుమూతి ఎందుకు బావా అన్నాను. చిన్నపిల్లల పళ్ళకైతే మామూలుగా వాడరు, తెలియక పెదవి నమిలేసుకుంటారు. బావ ఇంకా ఆలోచిస్తున్నాడు.