నాలుగు ప్రశ్నలు, పన్నెండు మోతాదులు

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు క్షయ రాకుండా ముందుగానే మందు ఇచ్చే పనిలో ఎక్కువ తప్పులు జరిగేది మందు దగ్గర కాదు, దానికి ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నల దగ్గర. దగ్గు ఉందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందుల కోసం వచ్చిన ప్రతిసారీ పెద్దవాళ్లందరినీ ఇవి అడగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక్కదానికి అవునన్నా క్షయ పరీక్షలకు పంపాలి.

రద్దీ రోజున ఇది ఎలా జరుగుతుందో చూడండి. "దగ్గు, జ్వరం లాంటివేం లేవుగా?" "లేవండి." ఫారంలో నాలుగు గళ్లకూ నాలుగు అడ్డగీతలు. ఆ 'లేవుగా'లోనే జవాబు ఉంది. విడివిడిగా అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. సిగరెట్ తాగేవాళ్లు తమ దగ్గును దగ్గుగా లెక్కపెట్టరు, అందుకే "రాత్రి దగ్గుతున్నావని ఇంట్లో ఎవరైనా అన్నారా?" అంటే ఎక్కువ తెలుస్తుంది. బరువు సంగతి అడిగి ఊరుకోకుండా కాటా ఎక్కించి, పోయినసారి అంకె పక్కన రాయాలి. ఇంకో మాట: 'రెండు వారాలకు మించిన దగ్గు' అనే లెక్క హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పనికిరాదు. వాళ్ల విషయంలో నిన్న మొదలైన దగ్గు కూడా దగ్గే.

ఇంత పట్టింపు ఎందుకంటే, నిద్రాణంగా ఉన్న క్షయలో సూక్ష్మజీవులు కొద్దిగానే ఉంటాయి, వాటికి ఒకటి రెండు మందులు చాలు. జబ్బు ముదిరి ఊపిరితిత్తిలో పుండు పడితే అవి కోట్లలో ఉంటాయి. నివారణకు ఇచ్చే మందు ఐసోనియాజిడ్‌కు లొంగనివి వాటిలో ముందే కొన్ని ఉంటాయి. అలాంటి మనిషికి ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే లొంగేవి చచ్చి, లొంగనివి పెరుగుతాయి. మందుకు నిరోధకత వస్తుందేమోనని నివారణ చికిత్సే మానేసే డాక్టర్లు ఉన్నారు. ఆ భయం పెట్టుకోవాల్సింది మందు మీద కాదు, సరిగా అడగని ప్రశ్న మీద.

లక్షణం కనబడితే తెమడ తీయించాలి. మూడు నుంచి అయిదు మిల్లీలీటర్లు, ఆరుబయట, లోతుగా ఊపిరి పీల్చి దగ్గి తీసినది కావాలి. డబ్బీలో నురగ తేలుతూ నీళ్లలా ఉంటే అది ఉమ్మి. పేరు డబ్బీ పక్కన రాయాలి. మూత మీద రాస్తే ల్యాబ్‌లో మూతలు తీసినప్పుడు పేర్లు తారుమారవుతాయి. సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) బాగా పడిపోయినవాళ్లలో పుండ్లు పడటం తక్కువ, తెమడలో సూక్ష్మజీవులూ తక్కువే. కాబట్టి మైక్రోస్కోపులో ఏమీ కనబడలేదని ధీమా పడకూడదు, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష చేయించాలి. దాని అల్ట్రా క్యాట్రిడ్జిలో 'ట్రేస్' (లేశమాత్రం) అని వచ్చినా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో దాన్ని క్షయగానే తీసుకుంటారు. సీడీ4 వందలోపు ఉన్నవాళ్లకూ, జబ్బు ముదిరి వచ్చినవాళ్లకూ మూత్రంతో చేసే ల్యామ్ పరీక్ష అక్కరకొస్తుంది: పట్టీ మీద 60 మైక్రోలీటర్లు వేసి 25 నిమిషాలకు చదవాలి. అందులో నెగటివ్ వచ్చినంత మాత్రాన క్షయ లేదని కాదు.

క్షయ లేదని తేలాక మందు. ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు ఇచ్చేది పాత పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా వాడుకలోకి వస్తున్నది 3హెచ్‌పీ: ఐసోనియాజిడ్ 900, రిఫాపెంటిన్ 900 మిల్లీగ్రాములు, వారానికోసారి, పన్నెండు వారాలు. రెండూ కలిపిన మాత్రలైతే ఒక్కో మోతాదుకు మూడు, విడివిడిగా అయితే తొమ్మిది. తొమ్మిది మాత్రలు ఒకేసారి చేతిలో పోస్తే ఎవరైనా బెదురుతారు, ముందే చెప్పి ఉంచాలి. మూత్రం ఎర్రగా వస్తుందనీ ముందే చెప్పాలి; రక్తమనుకుని రెండో వారానికే మానేస్తారు. తిన్నాక వేసుకుంటే రిఫాపెంటిన్ ఒంటికి బాగా పడుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు రాకుండా బీ6 విటమిన్ కూడా ఇవ్వాలి.

వారం మందుతో చిక్కల్లా మరుపు. రెండు రోజుల్లోపు గుర్తొస్తే వెంటనే వేసుకుని, తర్వాతి మోతాదు మామూలు రోజునే వేసుకోవాలి. అంతకన్నా ఆలస్యమైతే గుర్తొచ్చిన రోజే వేసుకుని, ఇకపై వారంలో ఆ రోజునే మందు రోజుగా పెట్టుకోవాలి. లేకపోతే రెండు మోతాదులు మరీ దగ్గర పడతాయి.

హెచ్‌ఐవీ మందుల్లో డాల్యుటెగ్రావిర్ వాడుతున్నవాళ్లకు 3హెచ్‌పీతో దాని మోతాదు మార్చక్కర్లేదు. నెవిరాపిన్, లోపినావిర్, అటజనావిర్ వాడేవాళ్లకు ఇది వద్దు, గర్భిణులకూ వద్దు. వాళ్లకు పాత ఐసోనియాజిడ్ ఉంది. గర్భనిరోధక మాత్రలు రిఫాపెంటిన్ వల్ల పనిచేయకపోవచ్చు. ఈ ముక్క భర్త పక్కన ఉండగా కాకుండా, ఆమె ఒక్కరే ఉన్నప్పుడు చెప్పాలి.

వాంతులు, కుడి డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడటం - వీటిలో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా మందు ఆపి రావాలని మొదటి రోజే చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా వాళ్ల నోటితో తిరిగి చెప్పించాలి. మద్యం తాగేవాళ్లకూ, హెపటైటిస్ ఉన్నవాళ్లకూ మందు మొదలుపెట్టే ముందే కాలేయ పరీక్ష చేయాలి.

ఇవన్నీ సక్రమంగా చేసి, దగ్గేవాళ్లనూ సీడీ4 తక్కువున్నవాళ్లనూ ఒకే బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టే చోట్లున్నాయి. దగ్గేవాళ్లకు మామూలు సర్జికల్ మాస్కు ఇచ్చి, బయట నీడన కూర్చోబెట్టి, ముందుగా చూసి పంపేయాలి. ఎన్95 సిబ్బందికి. గదిలో గాలి సిబ్బంది వైపు నుంచి రోగి వైపు, అక్కణ్నుంచి కిటికీలోంచి బయటికి పోయేలా కుర్చీలు వేసుకోవాలి. ఫైళ్లు ఎగిరిపోతున్నాయని ఎవరో ఆ కిటికీ మూసేస్తారు. ఫైళ్ల మీద పెట్టడానికి నాలుగు రాళ్లు తెచ్చుకోండి.