ధాతువులు ఏడే, కానీ నా మార్కులు పోయింది అక్కడే: ఆయుష్ పీజీ ఎంట్రన్స్ ప్రిపరేషన్ అనుభవం

ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ పూర్తి చేసి, ఆయుష్ పీజీ ఎంట్రన్స్ ఏఐఏపీజీఈటీకి చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మొదటి ప్రయత్నంలో నాకు సీటు రాలేదు. ఇంటికొచ్చి జవాబులు సరిచూసుకుంటే, బాగా వచ్చనుకున్న సప్తధాతువుల (ఆయుర్వేదం ప్రకారం శరీరాన్ని నిలిపే ఏడు మూలపదార్థాల) దగ్గరే ఎక్కువ తప్పులు కనిపించాయి. 120 ప్రశ్నలకు 120 నిమిషాలు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. తెలుసన్న ధీమాతో తప్పు పెట్టి వచ్చిన ప్రశ్నల బాధ చాలా రోజులు పోలేదు.

నా పొరపాటు ఏమిటంటే ధాతువులను పట్టికగా చదివాను. రసం (అన్నం అరిగాక తయారయ్యే సారం), రక్తం, మాంసం, మేదస్సు (కొవ్వు), అస్థి (ఎముక), మజ్జ (మూలుగ), శుక్రం. ఒక్కోదానికి ఎదురుగా దాని పని, మలం (అది తయారయ్యేటప్పుడు మిగిలే వ్యర్థం), ఉపధాతువు (దాని నుంచి పుట్టే అనుబంధ పదార్థం), క్షయ లక్షణాలు (అది తగ్గితే కనిపించేవి). గోడకు అంటించిన ఆ చార్టు కళ్లు మూసుకున్నా కనిపించేది. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే మాత్రం ఏ గడిలోది ఏ గడిలోకి వెళ్లిందో తెలిసేది కాదు. రెండోసారి చార్టు తీసేశాను. తిన్న అన్నం శరీరంగా ఎలా మారుతుంది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను.

ముందు మూడు న్యాయాలు, అంటే ధాతువులకు పోషణ ఎలా అందుతుందో చెప్పే పోలికలు. క్షీరదధి న్యాయం తోడు పెట్టిన పాల లాంటిది. పాలన్నీ పెరుగైనట్టు రసమంతా రక్తంగా, రక్తమంతా మాంసంగా మారుతుందని. కేదారీకుల్యా న్యాయం పొలానికి నీళ్లు కట్టడం. కాలువ నీరు ముందు దగ్గరి మడిని తడిపి, తర్వాత పక్క మడికి వెళ్తుంది. ఖలేకపోతం అంటే కళ్లంలో గింజలు ఏరుకునే పావురాలు. ఎవరి గింజలు వాళ్లు ఏరుకుని, ఎవరి దారిన వాళ్లు గూటికి చేరతాయి. గూడు దగ్గరున్నది త్వరగా, దూరమున్నది ఆలస్యంగా. అలాగే ప్రతి ధాతువూ తన వాటా తాను తీసుకుంటుంది. వీటిని పేర్లుగా బట్టీ పట్టకండి. ఒక్కో న్యాయం దేన్ని వివరించగలదు, ఎక్కడ ఆగిపోతుంది అని ఆలోచించండి. ఉదాహరణకు, పాలన్నీ పెరుగైతే పాలు మిగలవు. మరి రసమంతా రక్తమైతే శరీరంలో రసం ఎక్కడుంటుంది?

స్థౌల్యం, అంటే ఊబకాయం తీసుకోండి. అతిస్థూలుడిలో మేదస్సు ఒక్కటే పెరుగుతుంది, మిగతా ధాతువులకు తగిన పోషణ అందదు. వరసగా ఒకదాని నుంచి ఒకటి పుట్టేట్టయితే మేదస్సు తర్వాత అస్థి కూడా పెరగాలి కదా? ఖలేకపోతంతో చూస్తే ఈ చిక్కు సులభంగా విడిపోతుంది. ఆ మనిషికి ఆకలి ఎందుకు ఎక్కువో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మేదస్సు దారులు మూసేస్తే వాయువు (వాతం) కోష్ఠంలోనే, అంటే కడుపులోనే తిరుగుతూ అగ్నిని (జీర్ణశక్తిని) రాజేస్తుంది. తిన్నది త్వరగా అరిగి మళ్లీ ఆకలేస్తుంది, మళ్లీ మేదస్సే పెరుగుతుంది. లావుగా ఉన్న మనిషి బలంగా ఉన్నాడనుకోవడం ఎంత తప్పో నాకు ఈ ఒక్క విషయంతో తెలిసింది. ఆయుర్వేదంలో ఆరోగ్యానికి ధాతుసామ్యం, అంటే ధాతువులన్నీ సమంగా ఉండడం అంత ముఖ్యం. ఒకటి పెరిగితే చాలదు.

సంఖ్యల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. ప్రాచీన ఆచార్యుడు సుశ్రుతుడి లెక్కలో రసం ఒక్కో ధాతువులో 3015 కళల (కళ పాతకాలపు కాలమానం) కాలం ఉంటుంది, మొత్తం 18090 కళలు, అంటే నెలకు రసం శుక్రంగా మారుతుంది. భాగించి చూడండి, ఆరు వస్తుంది, ఏడు కాదు. ఏడు ధాతువుల మధ్య మార్పులు ఆరే కదా అని గుర్తు పెట్టుకున్నాను, మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదు.

అంజలి ప్రమాణాలకు, అంటే శరీరంలో ఏది ఎన్ని దోసిళ్లు ఉంటుందన్న లెక్కకు ఇంత కష్టం అక్కర్లేదు. పది నుంచి ఒక్కొక్కటి తగ్గిస్తూ కిందికి దిగండి: ఉదకం (నీరు), రసం, రక్తం, పురీషం (మలం), కఫం, పిత్తం, మూత్రం, వస (మాంసంలోని కొవ్వు), మేదస్సు, మజ్జ. చివర మస్తిష్కం, శుక్రం, ఓజస్సు (ధాతువులన్నిటి సారం) అరేసి అంజలి.

నిజంగా నా చదువును మార్చింది పుస్తకం కాదు, ఇంటర్న్‌షిప్‌లో ఒక ఓపీ రోజు. యాభై దాటిన ఒకావిడ మోకాళ్ల నొప్పులతో వచ్చారు. నేను మోకాళ్లు చూసి కేస్ షీట్ రాసుకుంటున్నాను. మా మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పారు. "గోళ్లు చూశావా అమ్మా?" గోళ్లు చీలి, అంచులు పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. జుట్టు కూడా బాగా రాలుతోందని, ఈమధ్య పన్ను ఒకటి కదులుతోందని ఆవిడే చెప్పారు. కేశాలు, గోళ్లు, దంతాలు, సంధులు. అస్థిక్షయ లక్షణాలని నేను వంద సార్లు చదివిన వరస నా ముందు కుర్చీలో కూర్చుని ఉంది. "మరి వాతం పెరిగిందా, తగ్గిందా?" అని మేడమ్ అడిగారు. నాకు వెంటనే జవాబు రాలేదు.

ఆశ్రయాశ్రయీ భావం, అంటే ధాతువు ఇల్లయితే దోషం (వాతం, పిత్తం, కఫం) అందులో ఉండేది అన్న సంబంధం ఆ రోజు తెలిసింది. రక్తంలో, స్వేదంలో (చెమటలో) పిత్తం, మిగతా ధాతువుల్లో కఫం ఉంటాయి. అక్కడ ఇల్లు పెరిగితే ఇంట్లో ఉన్నదీ పెరుగుతుంది. అస్థిలో ఉండే వాతం మాత్రం ఎదురు నడుస్తుంది. ఎముక క్షీణిస్తే వాతం పెరుగుతుంది. దాని చికిత్సలో తిక్త (చేదు) ద్రవ్యాలతో కాచిన పాలు, నెయ్యి, బస్తులు (మలద్వారం గుండా ఇచ్చే మందులు) చెప్పారు. తిక్త రసం వాతాన్ని పెంచుతుంది కదా, మరి ఎందుకు? ఎముకకు ఖరత్వం (గరుకుదనం) కావాలి, అది తిక్తం ఇస్తుంది. పాలూ నెయ్యీ స్నిగ్ధత (జిడ్డుదనం) ఇచ్చి వాతాన్ని అదుపులో ఉంచుతాయి. ఖరత్వం, స్నిగ్ధత రెండూ కలిసి ఒకే ద్రవ్యంలో దొరకవు కాబట్టి ఇలా కలిపి వండుతారు. ఇది అర్థమైతే అస్థి మీద ఏ ప్రశ్నైనా భయం ఉండదు.

ఇంకో జాగ్రత్త. రక్తధాతువును బ్లడ్ అనీ, మాంసాన్ని మజిల్ అనీ ఒకటికి ఒకటి సరిపెట్టకండి. ఆధునిక హిస్టాలజీలో కణజాలాలు నాలుగు రకాలు. అందులో రక్తం, ఎముక, కొవ్వు మూడూ సంయోజక కణజాలమే (కనెక్టివ్ టిష్యూ). మనకు అవి మూడు వేర్వేరు ధాతువులు. విభజన చేసిన దృష్టే వేరు.

ఇక పరీక్షలో బాగా దెబ్బతీసేది "ఎవరి మతం?", అంటే ఇది ఏ ఆచార్యుడి అభిప్రాయం అన్న చోటు. ఎముకలు చరకుడికి 360, సుశ్రుతుడికి 300. ఉపధాతువుల్లో చరకుడు రక్తానికి కండరలు (లావాటి స్నాయువులు), సిరలు చెప్తే, శార్ఙ్గధరుడి లెక్కలో రసానికి స్తన్యం (చనుబాలు), రక్తానికి రజస్సు (బహిష్టు రక్తం) వస్తాయి. చరకుడికి స్తన్యం, రజస్సు రెండూ రసానివే. మొదటిసారి నేను ప్రశ్నలో ఆచార్యుడి పేరు చదవకుండానే ఆప్షన్లకు వెళ్లిపోయాను. టెన్షన్‌లో కళ్లు తెలిసిన మాట మీదికే పోతాయి. రెండోసారి మాక్ టెస్టుల్లోనే అలవాటు చేసుకున్నాను: ముందు పేరు కింద వేలు పెట్టాలి, తర్వాతే ఆప్షన్లు. అసలు పరీక్షలో స్క్రీన్ మీద కూడా అలాగే వేలు పెట్టి చదివాను.