కంటికి ఆనని ఫోన్ నుంచి చేతికి పట్టని ఫోన్‌కి

పిన్‌కోడ్‌లో 8ని 3గా చదివాను. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఉండే ఒక కస్టమర్‌కి పంపాల్సిన చీర మీద 500085 బదులు 500035 అని రాశాను. పార్సిల్ సరూర్‌నగర్ వైపు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ తిరిగి ఐదు రోజులు ఆలస్యంగా ఆమెకు చేరింది. పెళ్లిరోజుకి కట్టుకుందామని తెప్పించుకున్న నెమలికంఠం రంగు చీర అది. పెళ్లిరోజు వెళ్లిపోయాక అందింది. ఆమె కోప్పడలేదు. "పర్లేదక్కా" అంది. ఆ మాటకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాది మంగళగిరి. మగ్గాల దగ్గర చీరలు తీసుకుని వాట్సాప్‌లో అమ్ముతాను. ఆర్డర్లు, అడ్రసులు, డబ్బులు అన్నీ ఫోన్‌లోనే. నా ఫోన్ సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10ఈ. 2019లో వచ్చిన మోడల్, తమ్ముడు కొన్నాళ్లు వాడి నాకిచ్చాడు. 5.8 అంగుళాల స్క్రీన్, 150 గ్రాముల బరువు. నా చేతులు చిన్నవి, వాటికి ఆ ఫోన్ కొలిచి చేసినట్టు ఉండేది. ఎడమ చేత్తో చీర అంచు ఎత్తి పట్టుకుని, కుడి చేత్తో ఫొటో తీసి, అదే బొటనవేలితో ధర కొట్టి పంపేసేదాన్ని. నాలుగేళ్లు నా వ్యాపారం అంతా ఆ ఒక్క వేలి మీద నడిచింది.

నలభై నాలుగో ఏట చత్వారం వచ్చింది. కళ్లద్దాలు ఉన్నాయి కానీ, పార్సిళ్లు కట్టేటప్పుడు ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా చూడాలి. తీసి పెట్టడం, మళ్లీ పెట్టుకోవడం, ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం. అందుకని ఫోన్‌లో అక్షరాల సైజు పెంచాను. దాంతో ఇంకో ఇబ్బంది మొదలైంది. కీబోర్డ్ పైకి రాగానే చాట్‌లో రెండు మెసేజ్‌లకు మించి కనిపించేవి కావు. పైన అడ్రస్ చూసి కింద టైప్ చేయడానికి లేదు. పైకి జరిపి చూసి, గుర్తుపెట్టుకుని, కిందికి వచ్చి కొట్టాలి. ఆ గుర్తుపెట్టుకోవడంలోనే 8 కాస్తా 3 అయింది.

మన తెలుగుకి ఇంకొంచెం చోటు ఎక్కువే కావాలి. పైన గుడి, కింద వత్తు, పక్కన కొమ్ము అన్నీ ఒకే అక్షరానికి ఉంటాయి. చిన్న సైజులో ప, ఫ, ష ఒకదానిలాగే ఒకటి కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు పట్టే చోట తెలుగు పట్టదని నాకు చత్వారం వచ్చాకే తెలిసింది.

పెద్ద ఫోన్ కొనాలని అనుకున్నాను కానీ చెయ్యి ఒప్పుకోలేదు. ఇంట్లో ఎవరి పెద్ద ఫోన్ పట్టుకున్నా జారిపోతుందేమోనని టెన్షన్. చిన్న ఫోన్లలోనే మంచిది దొరుకుతుందేమో అని వెతికాను. ఆపిల్ వాళ్ల మినీ సైజు ఐఫోన్ 13తోనే ఆగిపోయింది. గెలాక్సీ ఎస్24 చేతికి బాగుంది, 167 గ్రాములే, కానీ వచ్చినప్పుడు దాని ధర డెబ్బై వేలు దాటింది. పైగా 6.2 అంగుళాలతో నా కళ్ల సమస్య సగమే తీరుతుంది. చివరికి గెలాక్సీ ఏ55 దగ్గర ఆగాను. 6.6 అంగుళాలు, 213 గ్రాములు.

కొనేముందు చేసిన ఒక పని నాకు చాలా ఉపయోగపడింది. చీర పెట్టెల అట్ట ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఏ55 కొలతలు చూసి, 161 మిల్లీమీటర్ల పొడవు, 77 మిల్లీమీటర్ల వెడల్పుతో అట్ట కత్తిరించాను. పొరలు అంటించి మందం తెచ్చాను. రెండు రోజులు ఆ అట్టనే ఫోన్‌లా పట్టుకుని తిరిగాను. అప్పుడు అర్థమైంది, అంగుళాల లెక్క కంటికి సంబంధించింది, చేతికి కావాల్సింది వెడల్పు లెక్క. నా పాత ఫోన్ వెడల్పు దాదాపు 70 మిల్లీమీటర్లు. తేడా ఏడు మిల్లీమీటర్ల చిల్లరే. ఆ కాస్త తేడాకే బొటనవేలు అవతలి అంచు అందుకోవడం లేదు. ఒంటి చేత్తో వాడటం కుదరదని కొనకముందే తెలిసిపోయింది. అందుకని ఒంటి చేత్తో వాడాలనే పట్టుదల వదిలేసి, పనిచేసే పద్ధతే మార్చుకోవాలనుకున్నాను.

ఫోన్ మార్చడం ఒక ఆదివారం పెట్టుకున్నాను. ఫొటోలు, కాంటాక్టులు సామ్‌సంగ్ వాళ్ల స్మార్ట్ స్విచ్ యాప్‌తో వచ్చేశాయి. నా భయమంతా వాట్సాప్ గురించే, నాలుగేళ్ల కస్టమర్ల మాటలు అందులో ఉన్నాయి. పాత ఫోన్‌లో సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్ అని వెళ్లాలి. కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో మొదలుపెట్టి, అక్కడ కనిపించే క్యూఆర్ కోడ్‌ని పాత ఫోన్‌తో స్కాన్ చేయాలి. రెండింటిలోనూ వైఫై, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టి, చార్జింగ్‌లో ఉంచి, అయ్యేదాకా ముట్టుకోలేదు. అన్నీ వచ్చాయి. వచ్చాయని నాలుగు పాత చాట్‌లు తెరిచి చూసుకునేదాకా పాత ఫోన్‌లో ఏదీ చెరపలేదు. మీరూ అలాగే చేయండి.

నేను దెబ్బతిన్నది యూపీఐ దగ్గర. సిమ్ కొత్త ఫోన్‌లో వేసి, ఆ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లి, ఖాతా కలిసింది. అంతా అయిందనుకున్నాను. సోమవారం పొద్దున్నే మగ్గం బాబాయ్‌కి 18,000 పంపాలి. వెళ్లలేదు. ఫోన్ మార్చాక మొదటి 24 గంటలు మా బ్యాంకులో 5,000 దాటి పంపనివ్వరట. దొంగ ఫోన్‌తో ఎవరూ డబ్బు లాగకుండా పెట్టిన నిబంధన, మంచిదే. కానీ నూలు కొనడానికి బాబాయ్ ఆ డబ్బు కోసమే చూస్తున్నాడు. ఏటీఎంకి వెళ్లి తీసి, చేతికే ఇచ్చి వచ్చాను. "ఫోన్ పెద్దదైతే డబ్బు చిన్నదైందేమ్మా" అన్నాడు నవ్వుతూ. డబ్బు పంపాల్సిన రోజుకి కనీసం రెండు రోజుల ముందు ఫోన్ మార్చుకోవాలి.

తర్వాతి పది రోజులు చేతికి అలవాటు కావడానికే పట్టాయి. పాత ఫోన్‌లో వేలిముద్ర పక్కన ఉన్న పవర్ బటన్ మీదే. కొత్తదాంట్లో స్క్రీన్ లోపల. వారం దాటినా నా బొటనవేలు పక్కకే పోయేది. అంతకన్నా కష్టం చిటికెన వేలికి. ఫోన్ కింది అంచుని చిటికెన వేలి మీద ఆనించి పట్టుకునే అలవాటు నాది. 150 గ్రాములకు సరిపోయింది. 213కి తోడు కవరు బరువు, మూడో రోజుకే ఆ వేలి కణుపు నొప్పి పుట్టింది. వెనకాల ఉంగరం ఉన్న కవరు తెచ్చుకుని, మధ్యవేలు అందులో దూర్చి పట్టుకోవడం మొదలుపెట్టాక తగ్గింది. ఇంకొకటి, సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో వన్ హ్యాండెడ్ మోడ్ ఉంటుంది. ఆన్ చేసుకుని, స్క్రీన్ కింది అంచు మధ్యలో వేలు పెట్టి కిందికి లాగితే బొమ్మంతా చిన్నదై ఒక మూలకు వస్తుంది. సంచులు మోస్తూ ఆటోలో కూర్చున్నప్పుడు అదే నాకు దిక్కు.

చీరలు అమ్మేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కొత్త ఫోన్‌లో మొదటి ఫొటో చూడగానే చీర మెరిసిపోయింది. వంగపండు రంగు అంత నిండుగా ఉండదని నాకు తెలుసు, చీర చేతిలోనే ఉంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్క్రీన్ మోడ్ వివిడ్ అని ఉంది. నాచురల్‌కి మార్చి, కంటికి హాయిగా ఉండేందుకు పసుపు ఛాయ తెచ్చే ఐ కంఫర్ట్ షీల్డ్ కూడా ఆపి, చీర పక్కన పెట్టి పోల్చాను. అప్పుడు దగ్గరగా వచ్చింది. మన స్క్రీన్ మీద రంగు సరిగ్గా ఉంటేనే కస్టమర్‌కి "కొంచెం ముదురు, కొంచెం లేత" అని నిజం చెప్పగలం.

ఫొటోలో జరీ వరస వరసా కనిపిస్తోంది. మా మంగళగిరి చీరలకు వేసే నిజాం అంచు అనే జరీ అంచుని ఫొటోలో పెద్దది చేసి చూసి, పోగు ఎక్కడైనా లేచిందేమో పంపేముందే పట్టుకుంటున్నాను. కీబోర్డ్ పైకి వచ్చాక కూడా అడ్రస్ మొత్తం దాని పైన నిలుస్తోంది. పిన్‌కోడ్ చూస్తూనే కొడతాను. బ్యాటరీ 3,100 నుంచి 5,000 ఎంఏహెచ్‌కి వెళ్లింది, పొద్దున తీస్తే రాత్రిదాకా చార్జర్ వెతకను. కొత్తదాంట్లో ఇయర్‌ఫోన్ గుండ్రటి రంధ్రం లేదు, టైప్‌-సీది ఒకటి కొనాల్సి వచ్చింది. పెట్టెలో చార్జర్ రాదు, పాతదే వాడుతున్నాను.

అన్నిటికన్నా మారింది వీడియో కాల్. ఇదివరకు ఫోన్ ఒక చేతిలో, చీర ఒక చేతిలో. పల్లూ మొత్తం ఎప్పుడూ చూపించలేకపోయేదాన్ని. ఇప్పుడు ఈ బరువు పట్టుకుని నిలబడలేక స్టాండ్ కొన్నాను. ఫోన్ దాని మీద, నా రెండు చేతులూ చీర మీద. పల్లూ విప్పి, కుచ్చిళ్లు పట్టి, వెలుతురుకి ఎత్తి చూపిస్తున్నాను. నాలుగు అడుగుల దూరం నుంచి కూడా అవతలి మనిషి ముఖం నాకు కనిపిస్తోంది. నచ్చిందో లేదో ఆమె చెప్పకముందే తెలుస్తోంది.

పాత ఫోన్ చెల్లెలి కూతురికి ఇచ్చాను. ముందు గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే రీసెట్ చేశాను. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే తెరిచేటప్పుడు పాత ఖాతా పాస్‌వర్డ్ అడగొచ్చు, పిల్లకి ఇబ్బంది. ఇచ్చేముందు ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు నాలుగు మూలలకూ అందింది.