కిటికీ పక్కన చేపల్లేని తొట్టె

తొమ్మిదో తరగతిలో సంక్రాంతి సెలవులు అయి బడి తెరిచిన రోజున సైన్సు మాస్టారు మా నలుగురికీ ఒక పని అప్పజెప్పారు. ఊరచెరువు నీళ్లు ఒక బిందెడు, ఎండు వరిగడ్డి గుప్పెడు తెచ్చి లాబ్ కిటికీ పక్కనున్న చేపలతొట్టెలో వెయ్యాలి. చేపల్ని మాత్రం వెయ్యద్దన్నారు.

ఉత్సాహం కొద్దీ గడ్డి ఎక్కువే కుక్కాం. మూడోనాటికి నీళ్లు కుడితిలా తెల్లబడ్డాయి. పైన మీగడలాంటి పొర, గదంతా కంపు. పారబోస్తామంటే మాస్టారు ఒప్పుకోలేదు. "ఆ తెలుపంతా బాక్టీరియా. ఇక వాటిని తినేవి వస్తాయి, చూడండ్రా" అన్నారు.

ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు, అద్దం తిప్పి ఎండ పట్టుకునే రకం. ఇంకు ఫిల్లరుతో పొర కిందనుంచి చుక్క తీసి చూస్తే చిక్కుడుగింజల్లాంటివి గిరగిరా తిరుగుతున్నాయి. కాల్పోడాలనే ఏకకణ జీవులట. పొలం ఎండినప్పుడు చుట్టూ గూడు కట్టుకుని పడుకుని, తడి తగలగానే లేస్తాయట. అంటే మేం మోసుకొచ్చిన గడ్డిలోనే ఉన్నాయన్నమాట! ఆ మాట విని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

రెండో వారం పారమీషియంల వంతు, ఇవీ ఏకకణ జీవులే. చెప్పు ఆకారం బొమ్మ ఎన్నిసార్లు గీశామో. అది మెలికలు తిరుగుతూ ఈదుతుందని మాత్రం కళ్లారా చూశాకే తెలిసింది. చుక్కలో నాలుగు దూదిపోగులు వేస్తే వాటి మధ్య ఇరుక్కుని నెమ్మదించేది. అప్పుడు దాని ఒంట్లో సంకోచరిక్తిక కనబడేది. నీటిబుడగలా మెల్లగా పొంగి, చటుక్కున మాయమై, మళ్లీ పొంగేది. లోపలికి చేరిన నీళ్లను అలా తోడిపోసుకుంటుంది. గంట కొట్టినా మేం లేచేవాళ్లం కాదు. 1674లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ దగ్గర్లోని సరస్సు నీళ్లలో ఇలాంటి ప్రాణులనే చూశాడని మాస్టారు చెప్పింది అప్పుడే.

తర్వాత బాక్టీరియా తగ్గి నీళ్లు తేరుకున్నాయి, పారమీషియంలూ పలచబడ్డాయి. గడ్డిపోచకు అంటుకుని, కాడ మీద చిన్న గంటల్లా ఉండే వోర్టిసెల్లాలు వచ్చాయి. బల్లమీద వేలితో తడితే చాలు, కాడ స్ప్రింగులా చుట్టుకుపోయేది. ఎండ తగిలే గాజుకు ఆకుపచ్చ నాచు పట్టింది. తలమీద చక్రాలు తిప్పుతున్నట్టుండే రోటిఫర్లు చివరగా దిగాయి.

రోజూ తేదీ వేసి లెక్క రాసిన నోటుబుక్కు నా దగ్గర భద్రంగా ఉంది. ఈసారి కలిసినప్పుడు తెస్తాను. మిగతా ముగ్గురూ మీ చేతిరాతలు గుర్తుపట్టాలి.