బుడమేరు వరద మ్యాపు: నీళ్ళు నిలిచే చోటు, నడిచే చోటు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పటి ఉపగ్రహ చిత్రాన్నే బుడమేరు ముంపు మ్యాపు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ నీటిలో, బుడమేరు నీళ్ళను కృష్ణలోకి తిప్పే మళ్ళింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల పడ్డ గండ్ల వాటా ఉంది. రేపు గండి ఇంకోచోట పడితే నీళ్ళు ఇంకో దారి పడతాయి. జరిగిన వరద బొమ్మ మన ముంపు లెక్కను సరిచూసుకోవడానికి పనికొస్తుంది, లెక్కకు బదులుగా పనికిరాదు.

మ్యాపులో రెండు గీతలుండాలి. వందేళ్ళ వరదలో నీళ్ళు చేరే మేరంతా ముంపు మైదానం. అందులోనే నీళ్ళు జోరుగా నడిచే నడిమి భాగం వరద దారి. మొదటిదాంట్లో ఇంటి అరుగు ఎత్తు పెంచి బతకొచ్చు. రెండోదాంట్లో ప్రహరీ కట్టినా ఎగువవాళ్ళ ఇంట్లోకి నీళ్ళు తోసినట్టే. వందేళ్ళ వరదంటే వందేళ్ళకోసారి వచ్చేది అనుకోవద్దు. ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని అర్థం. ముప్ఫై ఏళ్ళ ఇంటి లోను తీరేలోపు అది వచ్చే అవకాశం నూటికి 26.

పని నేల మట్టాలతో మొదలవుతుంది, చాలాసార్లు చెడేదీ అక్కడే. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఉపగ్రహ ఎత్తుల డేటా ఊళ్ళో డాబాల పైకప్పుల్నీ నేలలో కలిపేస్తుంది. నడుము లోతు నీటిని లెక్కించే పనికి మీటర్లలో తప్పే డేటా ఎందుకు? లైడార్ (విమానం నుంచి లేజరుతో నేల ఎత్తు కొలిచే సర్వే) కావాలి, అది లేకపోతే డ్రోన్ సర్వేతో పాటు వీధుల్లో లెవెలింగ్ చేయాలి. డీజీపీఎస్ (ఉపగ్రహాలతో కచ్చితంగా కొలిచే సర్వే పరికరం) ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు. మన ప్రాంతంలో రెండింటికీ పదుల మీటర్ల తేడా. సముద్ర మట్టం నుంచి ఎత్తు తెలిసిన సర్వే ఆఫ్ ఇండియా గుర్తుకు, అంటే బెంచ్‌మార్కుకు, కట్టి సరిచేయాలి. రెండు బృందాలు రెండు బెంచ్‌మార్కులు పట్టుకుంటే వంతెన దగ్గర వాగు అడుగు మెట్టులా తేలుతుంది.

ఊళ్ళో 50 నుంచి 100 మీటర్లకో అడ్డకోత, అంటే వాగుకు అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మట్టాలు, తీయండి. వంతెనకు నాలుగు కావాలి: ఎగువన రెండు, దిగువన రెండు. స్లాబు అడుగు మట్టం, స్తంభాల మందం, ఖానాల్లో (స్తంభాల మధ్య నీళ్ళు పోయే సందుల్లో) పేరుకున్న పూడిక వంతెన కిందికి దిగి కొలవాలి, పాత డ్రాయింగ్ నుంచి ఎక్కించొద్దు. ఇక గరుకుతనం అంకె, అంటే వాగు అడుగూ గట్లూ నీటిని ఎంత అడ్డుకుంటాయో చెప్పేది. శుభ్రమైన మట్టి కాలువకు 0.03 దాకా సరిపోతుంది. గుర్రపుడెక్క, తూటికాడ కమ్మేస్తే 0.07 వేసినా ఎక్కువేం కాదు. అంకె రెట్టింపైతే అదే మట్టంలో పారే నీరు సగమవుతుంది. ఏటా పూడిక తీస్తారనే ఆశతో తక్కువ అంకె వేసే మ్యాపులంటే నాకు గిట్టదు.

బుడమేరుకు దిగువ కొసలు రెండు. వెలగలేరు దగ్గర మళ్ళిన నీళ్ళు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో పడతాయి. పాత వాగు ఏనికేపాడు దగ్గర కాలువ కింద నుంచి పోయే అండర్ టన్నెల్ దాటి కొల్లేరుకు పోతుంది. 2024లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నడిచింది. కృష్ణ అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్ళు దిగవు, వెనక్కి తంతాయి. కాబట్టి కృష్ణ మామూలుగా ఉండి బుడమేరు పొంగినట్టు ఒకసారి, కృష్ణ పోటు మీద ఉండి బుడమేరు ఓ మోస్తరుగా వచ్చినట్టు ఇంకోసారి లెక్క కట్టాలి. ప్రతి అడ్డకోత దగ్గర ఏది ఎక్కువైతే ఆ మట్టమే తీసుకోవాలి. గండ్ల లెక్క వేరే షీటు.

గట్టు పొర్లి కాలనీల్లోకి పోయే నీటికి ద్విమితీయ నమూనా (నేలను గడులుగా కోసి నీరు అన్ని వైపులా ఎలా పారుతుందో కట్టే కంప్యూటర్ లెక్క) తప్పదు. ఆ లెక్క కట్టే హెక్-రాస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. పొలాల్లో 30 మీటర్ల గడులు చాలు, వీధుల్లో 5 నుంచి 10 మీటర్లు పెట్టండి. గట్ల మీద, రైలు కట్టల మీద విరుపు గీతలు (గడి అంచు కట్ట మీదే పడేలా గీసే గీతలు) గీయడం మరిచిపోతే, గడి కట్టనూ దాటేసి కూర్చుంటుంది. నీళ్ళు కట్ట గుండా కారిపోయి, అవతలి కాలనీ ఉత్తపుణ్యానికి మునుగుతుంది.

వరద దారికి అమెరికాలో వాడే పద్ధతి తేలికైనదే. రెండు పక్కల నుంచీ మైదానాన్ని కొద్దికొద్దిగా మూసుకుంటూ వస్తారు. వందేళ్ళ వరద మట్టం ఒక అడుగు పెరిగేదాకా మూసి, మిగిలిన మధ్య భాగాన్ని వరద దారి అంటారు. చదును నేలలో ఆ అడుగు కూడా ఎక్కువే. అడ్డంగా వెయ్యికి ఒకటి వాలు ఉంటే, అడుగు పెరిగిన నీరు వెయ్యి అడుగులు పాకుతుంది. బెజవాడ లాంటి చోట అర అడుగో, ఇంకా తక్కువో పెట్టుకోవాలి. 2012 నాటి జీవో 168లో పది మీటర్లు దాటిన వాగుకు తొమ్మిది మీటర్ల బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, అన్నారు. వాగు వంకర తిరిగే చోట నీళ్ళకు ఆ తొమ్మిది ఏం తెలుసు?

సరిచూసుకోవడానికి గోడల మీది బురద చారలే సాక్ష్యం. ఇంటి లోపలి చార నమ్మండి, బయటిది అలలకూ పడవలకూ ఎత్తుగా పడుతుంది. సున్నం వేయకముందే మేకు కొట్టి లెవెల్ తీయాలి. లెక్కలో తేలిన మట్టం చాలా చారలకు అర అడుగు తేడా లోపల రాకపోతే, ముందు ప్రవాహం అంకెను, పూడిన ఖానాలను అనుమానించండి. గరుకుతనాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి సరిపెట్టొద్దు.

చివరగా, సర్వే నంబర్ల పటం మీద గీత వేసి వదిలేస్తే చాలదు. పటం ఐదు మీటర్లు జరిగినా ఇల్లు లోపలో బయటో అయిపోతుంది. ప్రతి వీధి మొగలో వరద మట్టాన్ని సముద్ర మట్టం లెక్కన రాసిపెడితే, ఎవరి అరుగు వాళ్ళు డంపీ లెవెల్‌తో (ఎత్తుల తేడా చూసే దుర్భిణి పరికరంతో) చూసుకుంటారు.