తిరుపతిలో స్టీలు ప్లేట్ల వీధి

సంక్రాంతి దాటిన వారానికి తిరుపతి వెళ్లాను. దర్శనం టికెట్ దొరికిందని ఇంట్లో చెప్పాను. అది నిజమే గానీ, ఎమ్మార్‌పల్లి వైపు ఉంటున్న మా చిన్నమ్మ వాళ్ల వీధిని చూడాలన్న కోరిక అంతకంటే పాతది. ఫోన్ చేస్తే చాలు, యోగక్షేమాలైనా అడక్కుండా వీధిలో చెత్త తగ్గించడానికి ఏం చేస్తున్నారో ఆ కబుర్లు మొదలుపెడుతుంది. రిటైరైన టీచరమ్మ, ఖాళీగా కూర్చోలేదు.

నేను వెళ్లేసరికి వరండా నిండా ఆడవాళ్లు, మధ్యలో పెద్ద గంగాళం. రాత్రంతా నానబెట్టిన అనపగింజల్ని ఒక్కొక్కటే వేళ్లతో నొక్కి పప్పు పితుకుతున్నారు. చిత్తూరు వైపు చలికాలమంటే ఈ పితికిపప్పే. మర్నాడు ఎదురింటి అమ్మాయి సీమంతం. "ఏమ్మే, ఇప్పుడా వచ్చేది? కాళ్లు కడుక్కోని రా, నువ్వూ పితుకు" అంది చిన్నమ్మ. నా వేళ్లు అరగంటకే నొప్పెట్టాయి. గింజల పొట్టు ఒక బకెట్‌లోకి, అంతకుముందు వలిచిన కాయల తొక్కలు గోనెసంచిలోకి వెళ్లాయి. తొక్కలు వెనక వీధిలో ఆవులున్న ఆయన వచ్చి పట్టుకెళ్తాడట, పొట్టు ఎరువు డ్రమ్ములోకట. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకుండా పని జరిగిపోతోంది.

సీమంతం భోజనాలు స్టీలు ప్లేట్లలో. వీధి సంఘానివే అవి, ప్రతి దాని అంచుమీదా ఆకుపచ్చ రంగు చుక్క ఉంటుంది. ఎవరింట్లో ఫంక్షనైనా ప్లేట్లు, గ్లాసులు, గరిటెలు ఊరికే ఇస్తారు. పోతే మాత్రం డబ్బు కట్టాలి. మొదట్లో గ్లాసులు తెగ పోయేవట, ప్లేట్లు పోవు. ఎందుకో నాకూ అర్థం కాలేదు.

ఇదంతా 2021 నవంబరు వానల తర్వాత మొదలైంది. ఆ వానలు తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు. రోడ్ల మీద కార్లు కొట్టుకుపోయాయి, ఊరవతల రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. చిన్నమ్మ వాళ్ల హాల్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక కాలవ శుభ్రం చేస్తుంటే బయటపడ్డవి క్యారీ కవర్లు, నీళ్ల బాటిళ్లు, ఫంక్షన్లలో వాడి పారేసిన ప్లేట్లు. చెరువులు, వాగులు పూడ్చి ఇళ్లు కట్టినందుకు వీధి వాళ్లేం చేయగలరు? కాలవలో పడేది మాత్రం వాళ్ల చేతుల్లోదే. అక్కడే మొదలుపెట్టారు.

పేపరు ప్లేట్లు, పేపరు కప్పులు మంచివే కదా అనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాటి లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది లేకపోతే సాంబారు కారిపోతుంది. ఆ పొర వల్లే అవి మట్టిలో కలవవు, పాత పేపర్ల వాడూ తీసుకోడు.

అసలు గొడవంతా కడిగే దగ్గర. మాట ఎంత తీయగా ఉన్నా, నూట యాభై ప్లేట్లు తోమేదెవరు? మొదటి ఏడాది ఆ పని మామూలుగానే ఆడవాళ్ల మీద పడింది. ఒక ఉగాదికి చిన్నమ్మ లేచి, "తినేది అందరూ, తోమేది మేమా? అట్లయితే ఆకుల్లోనే తినండి" అనేసిందట. అప్పటి నుంచి ఫంక్షన్ చేసేవాళ్లే ఇద్దరు మనుషుల్ని కూలికి పెట్టుకోవాలి, లేదా వాళ్లింటి మగవాళ్లు కూర్చోవాలి. సీమంతం రోజు ఆ అమ్మాయి అన్నదమ్ములే కూర్చున్నారు. ముందు కొబ్బరిపీచుతో ఎంగిలి తుడిచేసి, కుంకుడు రసంతో తోమి, రెండు తొట్ల నీళ్లలో ముంచి తీశారు. ఆ నీళ్లు అరటి మొక్కలకు పోయాయి.

ఎండాకాలం వేరే సంగతి. తిరుపతి నీళ్లకు కళ్యాణి డ్యామ్, తెలుగుగంగ ఆధారం. డ్యామ్ అడుగంటితే ట్యాంకర్ల కోసం ఎదురుచూడాల్సిందే. అందుకని ఏప్రిల్, మే నెలల్లో స్టీలు ప్లేట్లు అటక మీదే, అడ్డాకు విస్తళ్లు వాడాలని ఒక కట్టుబాటు. స్టీలే గొప్పదని పంతం పట్టకుండా నీళ్ల లెక్క చూసుకోవడం నాకు బాగా నచ్చింది.

ఎరువు డ్రమ్ములు నాలుగిళ్లకొకటి. తడి చెత్త ఒక వరస, పైన ఎండిన వేప, కానుగ ఆకులు ఒక వరస, మధ్యమధ్య పులిసిన మజ్జిగ. వాసనొస్తే ఆకులు చాల్లేదని లెక్క. వీధి ఊడ్చి ఆకులు తగలబెట్టే అలవాటు దీంతో తనంతట తనే పోయింది, ఇప్పుడు ఆకుల కోసం పోటీ. డ్రమ్ము పట్టనిది కార్పొరేషన్ బండికి తడి, పొడి వేరు చేసి ఇస్తారు. తడి చెత్త తూకివాకం ప్లాంటుకు పోతుంది. అక్కడ బయోగ్యాస్ తీస్తారు.

మర్నాడు కొండకు ఎలక్ట్రిక్ బస్సులో వెళ్లాను. 2022 బ్రహ్మోత్సవాల నాటి నుంచి తిరుగుతున్నాయివి. ఘాట్ రోడ్డు మలుపుల్లో డీజిల్ వాసన లేకపోతే కడుపు తిప్పడం సగం తగ్గుతుందని నా అనుభవం. అలిపిరి దగ్గర బ్యాగులు వెతికారు. 2022 జూన్ నుంచి కొండ మీద ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. పైన జలప్రసాదం కుళాయిల దగ్గర ఎవరి బాటిల్ వాళ్లు నింపుకుంటున్నారు, కొట్లలో గాజు బాటిల్‌కు డిపాజిట్ కడితే తిరిగిచ్చినప్పుడు వెనక్కిస్తారు. దర్శనం బాగా జరిగింది. దాని గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు.

దిగివచ్చాక బస్టాండు దగ్గర చూస్తే కొండ మీద పద్ధతిగా ఉన్న ఆ జనమే ఇక్కడ బాటిళ్లు పడేస్తున్నారు. 2011 లెక్కల్లో 3 లక్షల లోపు జనాభా ఉన్న ఊరు ఇది. రోజూ 60, 70 వేల మంది యాత్రికులు వచ్చిపోతారు, నాతో సహా. కొండకు అలిపిరి దగ్గర ఒక గేటుంది. ఊరికి గేటు లేదు, పెట్టలేరు కూడా. ఇరుగుపొరుగు మొహమాటం, కాస్త గదమాయింపు, ఇవే ఉన్నాయి. అవి సొంతవాళ్ల మీదే పనిచేస్తాయి.

చిన్నమ్మ వాళ్ల వీధి చివర యాత్రికులకు గదులు అద్దెకిచ్చే మూడంతస్తుల ఇల్లొకటి ఉంది. ఇప్పుడు కాలవలో దొరికే బాటిళ్లు ఎక్కువగా అక్కడివే. నేను రైలెక్కే రోజు సంఘం వాళ్లు ఆ ఓనరును కలిశారు. రాత్రి గూడూరు దాటాక చిన్నమ్మ ఫోన్ చేసింది. డ్రమ్ము పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడట. బాటిళ్ల మాటెత్తితే, "ఒక పూట ఉండిపోయేవాళ్లు, మన మాట వింటారా మేడమ్?" అన్నాడట.

"కొండ మీద వింటా ఉండారు కదా! గది తాళంతో పాటు స్టీలు బాటిల్ ఇయ్యి, డిపాజిట్ పట్టుకో అన్నా. బాటిళ్లు ఎవరు కొనేదని ఇప్పుడు కొత్త పంచాయితీ" అంది. సగం ఖర్చు సంఘం పెట్టుకోవాలా వద్దా అని ఆదివారం మీటింగ్ పెట్టారు.